పురుగుల గదిలో వాన

అక్కయమ్మ ఇంట్లో వాన కురుస్తోందని సుజాతమ్మ బావి దగ్గర చెప్పిందట. సుజాతమ్మకు మునివెంకటమ్మ చెప్పిందట. మునివెంకటమ్మ మాత్రం ఎవరో చెబితే విన్నది కాదు, గోడకు చెవి ఆనించి తానే విన్నానని ఒట్టు పెట్టుకుందట. ఆ ఏడు వానలు గంజికుంటపల్లి మొహం చూడలేదు. రాగి పైర్లు మోకాలెత్తుకు కూడా రాకుండానే ఎండిపోతున్నాయి. అలాంటిది ఆ ఒక్క ఇంట్లో, ఆ ఒక్క గదిలో, ఎండ నడినెత్తికి వచ్చే వేళకు సన్నగా జల్లు పడుతుందట.

"నేల తడిసిందా అంటే లేదంట. చప్పుడొక్కటే అంట" అని సుజాతమ్మ కడవ చంకకెత్తుకుందట. "ఉత్త చప్పుడు మనకెందుకు? అక్కయమ్మను రొవ్వంత మా చేన్లోకొచ్చి కూర్చోమనండి, అట్లన్నా తడుస్తాదేమో."

బావి దగ్గర అందరూ నవ్వారట. ఆ నవ్వు కబురై, కబురు వీధి తిరిగి, మధ్యాహ్నానికి వంటింట్లో రాగి సంగటి కెలుకుతున్న అక్కయమ్మ కోడలు మునిరత్నమ్మ చెవిలో పడింది. ఆమె నవ్వలేదు. అది వాన కాదని ఆమెకు తెలుసు. వేల పట్టుపురుగులు ఒక్కసారిగా ఆకు కొరికినప్పుడు వచ్చే చప్పుడు అది. పురుగులు పెంచిన ఇంటివాళ్లు నిద్రలో విన్నా దాన్ని పోల్చుకుంటారు.

చిక్కల్లా ఒక్కటే. ఆ గదిలో పురుగులు లేవు. గదికి బీగం పడి ఏడేళ్లయింది.

ఏ రోజు ఆ గదికి బీగం పడిందో ఆ రోజే మునిరత్నమ్మ మొగుడు అశ్వత్థప్ప ఇల్లు విడిచాడు. చింతామణికి పోయి కొత్తగా పురుగుల గుడ్లు తెస్తానని, పైపంచె దులిపి భుజాన వేసుకుని నడిచినవాడు మళ్లీ కనపడలేదు. బెంగళూరు మిల్లులో చూశానన్నాడొకడు. మురుగమల్ల దర్గా దగ్గర గడ్డం పెంచుకుని కూర్చున్నాడన్నాడు ఇంకొకడు. మునిరత్నమ్మ రెండు చోట్లకూ పోయింది. ఎవరెవరి మొహాల్లోకో తొంగిచూసి, క్షమించప్పా అని తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఆ పాత ఇంట్లో అత్తా కోడళ్లిద్దరే మిగిలారు.

మూడు వారాలుగా గదిలో మేత చప్పుడు వినిపిస్తోంది. నిన్న పొద్దున ఆ గది గడప మీద పచ్చి మల్బరీ ఆకులు నాలుగు కనపడ్డాయి. మునిరత్నమ్మ వాటిని కొంగులో ముడివేసుకుని లేచేసరికి, వాకిట్లో ఆమె తండ్రి చెన్నరాయప్ప నిలబడి ఉన్నాడు. బాగేపల్లి బస్సు దిగి నడిచి వచ్చాడు. చేతి సంచిలో కొత్త పంచె ఉంది.

"ఎవురికి నాయనా?" అంది.

"నీ మొగునికే" అన్నాడు ఆయన. "ఎల్లుండి పెద్దల అమావాస్య. పోయినోళ్లకు బట్టలు పెడతారు కదా. ఈసారి వానికీ పెడదాం."

బట్టలు పెట్టడమంటే అశ్వత్థప్పను చనిపోయినవాళ్లలో కలపడం. కలిపిన సాయంత్రానికి ఆమె గాజులు తీస్తారు. ఆ తర్వాత ఆయన కూతుర్ని వెంటబెట్టుకుని పోతాడు. బాగేపల్లి పక్కన ఎవరో పెళ్లాం పోయినాయన ఉన్నాడని, మంచివాడని, మారుమనువుగా కూడికె చేసుకుంటానంటున్నాడని రాత్రి భోజనాల దగ్గర చూచాయగా చెప్పనే చెప్పాడు.

సంగటి ముద్దలు చేసి తట్టలో పెట్టి మునిరత్నమ్మ బయటికి వచ్చింది. నీళ్లతొట్టి దగ్గర కూర్చుని, బూడిద తీసుకుని చేతులు తోమింది. వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు వరకు. ఈ అలవాటు ఆమెకు అశ్వత్థప్ప నేర్పినదే.

ఆమె పుట్టింటివాళ్లు శెనక్కాయ పండించేవాళ్లు, పురుగుల ఊసు ఎరగరు. కాపురానికి వచ్చిన కొత్తలో పురుగు పేరెత్తితే ఆమెకు ఒళ్లు జలదరించేది. ఒకరోజు అశ్వత్థప్ప చిటికెనవేలంత పురుగును తెచ్చి ఆమె మణికట్టు మీద పెట్టాడు. "ఊపిరి నిదానంగా ఇడువు రత్నా. నువ్వు బెదిరితే దానికి తెలిసిపోతాది" అన్నాడు. ఆమె ఊపిరి వదిలింది. పురుగు చల్లగా, మెత్తగా, తన పని తాను చూసుకుంటూ పోయింది. ఆమె మాత్రం పురుగును చూడలేదు. అంత దగ్గరగా వంగిన అతని తలను చూసింది.

పురుగులు గూడు కట్టే ముందు పది దినాలు ఆ ఇంట్లో తిరగమోత ఉండదు. ఇంగువ లేదు, ఉల్లి లేదు, పొగాకు లేదు. ఘాటు తగిలితే పురుగు మేత మానేస్తుంది. గదిలోకి పోయే ముందు ఆమె గడప దగ్గర రెండు చేతులూ చాచేది. అతను వంగి వాసన చూసేవాడు. వాసన ఉంటే "పో, మల్ల కడుక్కొనిరా" అనేవాడు. కొన్నిసార్లు వాసనేమీ లేకపోయినా అనేవాడు. రెండోసారి కడుక్కొచ్చిన చేతుల్ని మరికాస్త ఎక్కువసేపు పట్టుకునేవాడు. మేత జోరందుకుని గదంతా జల్లుమంటున్నప్పుడు గడప దాకా వచ్చి, "రత్నా, రా. వానొచ్చింది" అని పిలిచేవాడు.

మేనత్త కొడుకు. చిన్నప్పటినుంచి బావా అని పిలిచిన మనిషి. ఏడేళ్లుగా ఆమె చేతులు వాసన చూసినవాళ్లు లేరు. అయినా మధ్యాహ్నమయ్యేసరికి బూడిదతో తోముతూనే ఉంది.

ఆ చివరి రోజు అతను అన్న మాట కూడా ఒక్కటే. ముందురోజు ఊళ్లోకి మలేరియా మందు కొట్టేవాళ్లు వచ్చారు. పురుగులుండే గది వద్దమ్మా, తలుపులు కిటికీలు బాగా మూసి పెట్టుకోండని వాళ్లే చెప్పి, మిగతా ఇంటికంతా మందు కొట్టి పోయారు. తెల్లారేసరికి తట్టల్లో పురుగులన్నీ తలలు వెనక్కి విరిచి, ఆకుపచ్చ నీళ్లు కక్కి పడి ఉన్నాయి. ఇంక రెండు దినాలైతే గూడు కట్టేవి. అశ్వత్థప్ప తట్ట తట్టకూ తిరిగి చూశాడు. సందువైపు కిటికీ బెత్తెడు తెరిచి ఉంది. ఆ కిటికీని చూశాడు, పెళ్లాన్ని చూశాడు.

"కిటికీ మూయలేదా?"

అంతే. కేకెయ్యలేదు, చెయ్యెత్తలేదు. గుడ్లు తెస్తానని పోయాడు.

మూశానా, మూయలేదా? ఏడేళ్లుగా మునిరత్నమ్మ ఈ ప్రశ్నతోనే పడుకుంటోంది, లేస్తోంది. కిటికీ రెక్కను నొక్కిన గుర్తు అరచేతికి ఉంది. తెరిచి ఉన్న గుర్తు కంటికి ఉంది. ఏది నిజమో తేల్చుకోలేక, చివరికి కంటినే నమ్మింది.

పడసాలలో మాటలు పెద్దవయ్యాయి. ఊరిపెద్ద ఆదినారాయణప్ప వక్కాకు నములుతూ స్తంభానికి చేరగిలబడి ఉన్నాడు. ఎదురుగా చెన్నరాయప్ప. ఇద్దరికీ కాస్త దూరంగా అక్కయమ్మ చేటలో ఉలవలు పోసుకుని రాళ్లు ఏరుతోంది. చెన్నరాయప్పకు ఆమె స్వయానా అక్క. బిడ్డనిచ్చాక వియ్యపురాలు కూడా అయింది. దాంతో ఇద్దరి మధ్యా గౌరవం తగ్గి పోట్లాట పెరిగింది.

"సర్కారోళ్లు కూడా ఏడేండ్లు కనపడకుంటే లేనట్లే అంటారంట" అన్నాడు ఆదినారాయణప్ప. "మనం సర్కారు కంటే తెలిసినోళ్లమా? అక్కయమ్మా, కన్నతల్లివి నువ్వు. నువ్వు ఊ అంటే బట్టలు పెట్టేస్తాం."

అక్కయమ్మ ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది.

"నా బిడ్డకు ముప్పై నిండలేదు అక్కా" అన్నాడు చెన్నరాయప్ప. "ఈ పాత కొంపలో నీ మొగం అది, దాని మొగం నువ్వు చూసుకుంటా ఎన్నేండ్లు కూర్చుంటారు? విదురాశ్వత్థంలో నాగప్రతిష్ఠ చేసి కన్నావు, ఆ సామి పేరే పెట్టుకొంటివి. నిజమే. అయినా పోయినోడు పోయినాడు."

"పోలేదు నాయనా."

మునిరత్నమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటోంది.

"ఎట్ల తెలుసు నీకు?"

"మాట్లాడకుండా వినండి."

ఆదినారాయణప్ప దవడలు ఆగాయి. మొదట ఏమీ లేదు. తర్వాత ఉత్తరం గోడ వెనకనుంచి సన్నగా మొదలైంది. ఎండుటాకుల మీద తుంపర పడ్డట్టు మొదలై, చూస్తుండగానే చిక్కబడింది. చెన్నరాయప్ప వాకిట్లోకి తొంగిచూశాడు. రాళ్లు కూడా వేడెక్కి ఉన్నాయి.

"వాన కాదు కదా?" అన్నాడు, తనకే నమ్మకం లేనట్టు.

"వాన కాదప్పా" అన్నాడు ఆదినారాయణప్ప. ఆయన ఇంట్లో మూడు తరాలుగా పురుగులు పెంచుతున్నారు. ఆయన గొంతులో ఇందాకటి పెద్దరికం లేదు. "మేత. నాలుగో జ్వరం దిగి లేసిన పురుగు మేత ఇది. ఇంగ రెండు దినాల్లో గూడు కట్టల్ల."

నాలుగుసార్లు పురుగు మేత మాని, పొర విడిచి లేస్తుంది. దాన్నే జ్వరమంటారు. నాలుగోది దిగాక దాని ఆకలికి పట్టపగ్గాలుండవు. అది చెన్నరాయప్పకు తెలియదు. కానీ రెండు దినాలన్న మాట విని కూతురి మొహం ఎలా మారిందో చూశాడు. అక్క చేట దింపి పక్కన పెట్టడం కూడా చూశాడు.

మునిరత్నమ్మ కొంగు ముడి విప్పి నాలుగు ఆకులూ అరచేతిలో పెట్టుకుని తండ్రికి చూపించింది. వాడి ముడుచుకుపోయి ఉన్నాయి.

"గడప మీద ఉండె. చూడు నాయనా, కాడ చూడు. ఊరంతా కొమ్మ పట్టుకొని ఆకు దూస్తారు. ఇట్ల ఒక్కొక్కటే గోటితో గిల్లేది బావ ఒక్కడే. చిగురుకు దెబ్బ తగలకూడదంటాడు. ఆయప్ప వచ్చి పోతాండాడు. నాకు కనపడేదానికి మొగం చెల్లక, ఆకు పెట్టి పోతాండాడు."

ఈ మాటలు చెబుతున్నప్పుడు ఆమె గొంతు వణకలేదు. సంబరంగా కూడా ఉంది. ఆ సంబరం చూసే చెన్నరాయప్ప అక్కవైపు తిరిగాడు.

"అక్కా, బీగం తీయి."

"తీయను."

"ఏల?"

"పురుగులకు ఎండ తగుల్తాది" అంది అక్కయమ్మ.

అనేశాక నాలుక కరుచుకుంది. ముగ్గురూ ఆమెవైపే చూస్తున్నారు.

"ఏ పురుగులు అక్కయమ్మా?" అన్నాడు ఆదినారాయణప్ప మెల్లగా.

ముసలమ్మ నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి, మోకాళ్లు పట్టుకుని లేచింది. బీగం తుప్పు పట్టి ఉంటుందని అందరూ అనుకున్నారు. నూనె పెట్టినట్టు ఒక్క తిప్పుకే వచ్చేసింది.

తలుపు తెరవగానే చప్పుడు ఆగిపోయింది.

లోపల దుమ్ము వాసన, ఎండిన ఆకు వాసన. గోడకు నాలుగు చంద్రికలు ఆనించి ఉన్నాయి. పురుగులు గూడు కట్టడానికి వదిలే ఆ వెదురు చాపలకు బూజు పట్టింది. మూలన నులక వదులైన మంచం. అరల్లో ఖాళీ తట్టలు. మధ్య అరలో ఒక్క తట్ట మాత్రం శుభ్రంగా తుడిచి ఉంది. దాన్నిండా ఆకు ఈనెలు. పచ్చదనమంతా పోయి, నరాలు మాత్రం మిగిలిన ఆకులు. కొన్ని ఇంకా తడి ఆరలేదు.

"ఎలకలు" అన్నాడు చెన్నరాయప్ప.

"ఎలకలు ఈనెలు మిగల్చవప్పా" అన్నాడు ఆదినారాయణప్ప. గడప దాటి లోపలికి మాత్రం రాలేదు.

"ఈ తట్టలో ఆకు ఎవురు పెట్టినారు?" మునిరత్నమ్మ అత్తవైపు తిరిగింది. "బీగం మీ దగ్గర ఉండాది కదా అత్తా. బావ లోపలికి ఎట్ల వచ్చినాడు?"

"రాలేదు. నేనే పెడతాండా" అంది అక్కయమ్మ. "పొద్దున్నే నువ్వు నీళ్లకు పోయినప్పుడు. నిన్న బిరబిరా పోతాంటే నాలుగాకులు గడప మీద పడినట్లుండాది."

"గోటితో గిల్లింది?"

"వానికి నేర్పింది ఎవురమ్మే? నేను కదా."

చెన్నరాయప్ప మీసం అదిరింది. "చూసినావా ఆదినారాయణప్పా! కోడలు పుట్టింటికి పోతే సంగటి పెట్టేవాళ్లుండరని ముసలిది ఆడిన ఆట ఇది! అక్కా, నువ్వు నా తోడబుట్టినదానివేనా?"

"సంగటి పెట్టేవాళ్లుండరని భయమే. అబద్దం చెప్పను" అంది ఆమె. "అయినా ఆకు పెట్టింది దానికి కాదు. మేత వినపడతాంటే తట్ట ఖాళీగా పెట్టేదెట్లరా? నీకు తెలీదు, శెనక్కాయలు పండించేటోనివి నువ్వు. ఆకలిగొన్న పురుగు ఎట్ల తలెత్తి చూస్తాదో చూసుంటే నువ్వూ పెడతావు."

మునిరత్నమ్మకు ఈ పోట్లాట వినిపించడం లేదు. వాడిపోయిన నాలుగు ఆకులూ ఇంకా ఆమె చేతిలోనే ఉన్నాయి. రాత్రంతా తలకింద పెట్టుకుని పడుకున్న ఆకులు అవి. వాటితో ఆమె ఎన్నో మాటలు అనుకుంది. బావకు కోపం పోయిందనుకుంది, ఇంకా సిగ్గుపడుతున్నాడనుకుంది, సిగ్గు పోయేదాకా ఆగుదామనుకుంది. ఆగడం తనకు కొత్త కాదు. ఇప్పుడు అవి అత్త కొంగులోంచి జారిపడిన ఆకులు, అంతే.

ఆమె ఆకుల్ని తట్టలో పెట్టేసింది.

"అయితే బావ రాలేదు" అంది.

"లేదు బిడ్డా" అన్నాడు తండ్రి. ఆయన కోపం అంతా ఎక్కడికో పోయింది.

"అట్లయితే బట్టలు పెట్టండి నాయనా. ఆయప్పను పోయినోళ్లలో కలపండి. కిటికీ మూయకుండా పురుగులను చంపిందీ నేనే, ఆయప్పను ఇంట్లో నుంచి తరిమిందీ నేనే. గాజులు నేనే తీసిస్తాను. ఎవురూ పగలగొట్టే పని లేదు."

ఆమె నిజంగానే ఎడమచేతి గాజు మీద వేళ్లు వేసింది. చెన్నరాయప్ప మొహం తిప్పుకున్నాడు. ఆయన కోరి వచ్చింది ఇదే. తీరా చేతికి అందేసరికి చూడలేకపోయాడు.

"కిటికీ కాదు" అంది అక్కయమ్మ.

మునిరత్నమ్మ వేళ్లు గాజు మీదే ఆగాయి.

"ఏమంటివి అత్తా?"

అక్కయమ్మ మూలనున్న మంచం దగ్గరికి నడిచింది. దాని పట్టె మీద చెయ్యి వేసి, వీళ్లవైపు చూడకుండా, మంచానికే చెబుతున్నట్టు చెప్పింది.

"బల్లులు పురుగులను లాక్కపోతాయని నేను ఈడనే పండుకొనేదాన్ని. మంచం నిండా నల్లులు. ఒళ్లంతా దద్దుర్లు. మందోళ్లు ఇంటికంతా కొడతాంటే నువ్వు గది మూసి ఆకుకు పోయిండావు. మంచం వాకిట్లోకి ఈడ్చుకొనిపోయి, రొవ్వంత దీనికీ కొట్టప్పా అంటి. పాపం వాళ్లకేం తెలుసు, ఇది ఏ గదిలోదని? నులకంతా తడిపిచ్చినాను. ఎండలో రొవ్వంతసేపు పెట్టి, ఆరింది కదా అని మల్ల తెచ్చి ఈడనే, తట్టల పక్కనే వేసుకొంటి. ఆ దినం ఒక్క నల్లీ కుట్టలేదు. హాయిగా నిద్రపోతిని."

ఆమె సందువైపు కిటికీకి చెయ్యి చూపించింది.

"కిటికీ నువ్వు మూసినావు. గట్టిగానే మూసినావు. తెల్లారి లేస్తే మందు వాసన. అది పోనీ అని నేనే తెరిస్తిని. ఆపైన తట్టలు చూస్తిని."

"ఏడేండ్లు నోరు మూసుకొని ఉంటివే అక్కయమ్మా!" అన్నాడు ఆదినారాయణప్ప. "కండ్లముందర ఇది ఏడుస్తాంటే!"

"వాని కోపం పెండ్లాం మీదైతే సాయంత్రానికి చల్లారుతాది అనుకొంటి. తల్లి మీదైతే చల్లారదు. గుడ్లు తెచ్చుకొని రాత్రికి వస్తాడు, రాత్రి చెబుదాంలే అనుకొంటి." ముసలమ్మ పట్టె మీది చెయ్యి తియ్యలేదు. "వాడు రాకపోయె. రాకపోయేకొద్దీ చెప్పేది కష్టమైపాయ."

చెన్నరాయప్ప చెయ్యి పైకి లేచింది. అక్కను కొట్టడానికో, తన నెత్తి కొట్టుకోవడానికో ఆయనకే తెలియలేదు. అలాగే దించేశాడు.

మునిరత్నమ్మ తన కుడి అరచేతిని చూసుకుంటోంది. "మూసినాను" అంది తనలో తాను. ఇంకోసారి, కొంచెం గట్టిగా, "మూసినాను నాయనా" అంది. ఏడేళ్ల నుంచి ఆ చెయ్యి చెబుతూనే ఉంది. తానే వినలేదు.

అందరూ ఆమె అత్తను తిడుతుందనుకున్నారు. వాకిలి దాకా వచ్చి నిలబడిన మునివెంకటమ్మ కూడా అందుకే మెడ సాచింది. మునిరత్నమ్మకు తిట్టాలన్న ఆలోచనే రాలేదు. ఆమెకు ఒక్కటే గుర్తుకొచ్చింది. పైపంచె దులిపి భుజాన వేసుకుని, వెనక్కి తిరగకుండా నడిచిపోయిన మనిషి వీపు.

"అత్తా" అంది. కన్నీళ్లు అప్పుడు వచ్చాయి. "నన్ను ఎన్నన్నా పరవాలేదు. ఆయప్పకు తెలీదు కదా. నేనే చంపినానని అనుకొని పోయినాడు. బతికుంటే యాడుండాడో, ఈ పొద్దుకీ అట్లే అనుకొంటాంటాడు. పోయుంటే అట్లే అనుకొని పోయుంటాడు. ఈ ఒక్క మాట ఆయప్ప చెవిన పడుంటే చాలు, నాకింకేమీ వద్దు. ఇంగ ఎవురు చెప్తారు అత్తా ఆయప్పకు?"

అక్కయమ్మ మంచం మీదినుంచి చెయ్యి తీసింది. కొంగుతో మొహం తుడుచుకుని, మొదటిసారి కోడలి కళ్లలోకి చూసింది.

"వానికి తెలుసు. మొన్న శుక్రారం మురుగమల్ల దర్గా దగ్గర కనపడితే నేనే చెప్పినాను."